నలభై ఒకటో ఆధారం

గైడ్లు థీసిస్‌ను వెనక నుంచి చదువుతారు. ముందు ఆధారాల జాబితా తెరిచి, తమ పేరు ఎన్నిసార్లుందో చూసుకుంటారు. తక్కువైతే సవరణలు, సరిపోతే సంతకం.

ఈ థీసిస్‌లో ప్రొఫెసర్ గారి పేరు ఏడుసార్లు ఉంది. ఆరు పేపర్లు నిజంగా ఆయనవే. ఏడోది జాబితాలో నలభై ఒకటో నంబరు.

నీటి గొట్టాల తుప్పు మీద నాలుగేళ్ళు పరిశోధించి, ఒళ్ళు హూనం చేసుకుని ఈ థీసిస్ రాసినవాణ్ణి డిపార్ట్‌మెంట్‌లో అందరూ తుప్పు అనే పిలిచేవారు. చివరి వారం బద్ధకించి జాబితా పనిని ఏఐకి అప్పగించాడు. అది చేతికి ఎముక లేనట్టు, లేని పేపరొకటి ప్రొఫెసర్ గారి పేరిట రాసేసింది. పదిహేనేళ్ళ కిందటి తేదీ కూడా వేసింది.

ప్రొఫెసర్ గారు మురిసిపోయారు. "ఇది రాసిన సంగతే మర్చిపోయానోయ్," అని దాన్ని తన ప్రమోషన్ దరఖాస్తులో చేర్చేశారు.

పట్టా రావాలంటే లైబ్రేరియన్ సంతకం కూడా కావాలి. ఆవిడ తుప్పుకి మేనత్త.

"నలభై ఒకటి ఎక్కడా దొరకలేదు," అంది.

"చూసీచూడనట్టు వదిలెయ్ అత్తా."

"ఆఫీసులో అత్త లేదు. ఇంట్లో ఉంటుంది, సాయంత్రం వచ్చి తిట్లు తిను. ఇప్పుడు పేపర్ పట్రా."

తుప్పు ప్రొఫెసర్ గదికి పరిగెత్తి, అది తీసేద్దామన్నాడు. ఆయన తలుపు వేశారు.

"తీసేస్తే నా దరఖాస్తు గతేంటి? లేని పేపర్ పెట్టినందుకు నీ మీద విచారణ. ఆ కమిటీకి అధ్యక్షుడెవరో తెలుసుగా?"

"మరేం చెయ్యమంటారు సార్?"

"పుట్టించినవాడివి, పెంచలేవా?"

తుప్పు ఏఐకి తన థీసిస్ తినిపించాడు. మధ్యాహ్నానికి అది పదహారు పేజీలు కక్కింది. మొదటి పేజీలో తన పేరు చూసుకుని, "అచ్చం నా శైలే," అంటూ ప్రొఫెసర్ గారు దాన్ని లైబ్రరీకి పంపేశారు.

మేనత్త దాన్ని కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెట్టింది. ఎనభై శాతం థీసిస్‌తో కలిసింది. తేదీ ప్రకారం పేపర్ పాతది, థీసిస్ కొత్తది. అంటే నిన్నటిదాకా పుట్టని పేపర్ నుంచి తుప్పు నాలుగేళ్ళుగా దొంగిలిస్తున్నాడన్నమాట.

మర్నాడు పొద్దున్నే కమిటీ కూర్చుంది.

"కన్నకొడుకులా చూసుకున్నాను," అన్నారు అధ్యక్షుల వారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "నా సొత్తే ఎత్తుకెళ్ళాడు."

నోరు విప్పితే దొంగ పేపర్ చేసినవాడు, విప్పకపోతే కాపీ కొట్టినవాడు. పట్టా ఎటూ పోయేలా ఉంది. కనీసం ఆ నాలుగేళ్ళయినా తనవనిపించుకోవాలనుకున్నాడు తుప్పు. లేచి నిలబడ్డాడు.

"ఆ పేపర్ నిన్న మధ్యాహ్నం నేనే ఏఐతో చేయించాను. సార్ చెయ్యమన్నారు."

"రుజువుందా?" అన్నారు ప్రొఫెసర్ గారు, చల్లగా.

సాక్షిగా వచ్చిన మేనత్త గొంతు సవరించుకుంది. "మీ పేపర్ చివరి పేజీ చూశారా సార్?"

"నేను రాసింది నేను చూడనా?"

"కొలతలు తీసిన నా విద్యార్థికి కృతజ్ఞతలు అని వీడి పేరు వేశారు. పదిహేనేళ్ళ క్రితం వీడు ఏడో తరగతి. సైన్సులో ముప్ఫై రెండు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టింది నేనే."

జీవితమంతా వెనక నుంచి చదివిన మనిషి, ఈ ఒక్కసారి మొదటి పేజీ దగ్గర ఆగిపోయారు.

ప్రమోషన్ దరఖాస్తు వెనక్కి వచ్చింది. ప్రొఫెసర్ గారికి అధ్యక్ష పదవి కూడా పోయింది. తుప్పు పట్టా ఆరు నెలలు వాయిదా పడింది. ఈలోగా నూట ఇరవై ఆధారాలూ ఒక్కొక్కటే తెరిచి లైబ్రేరియన్‌కి చూపించాలన్నారు.

"నలభై దాకా ఇవాళ అయిపోయినట్టు రాసుకో అత్తా," అన్నాడు తుప్పు.

"మేడమ్," అంది ఆవిడ. "ఒకటో నంబరు తియ్యి."