ఆరు కుర్చీలూ, మూడు కాళ్ళ స్టూలూ

బొత్తాలాయన పొద్దున్న తొమ్మిదింటికల్లా కొట్టు తెరుస్తాడు. కౌంటర్ తుడుస్తాడు, కళ్ళజోడు తుడుస్తాడు, గోడనిండా ఉన్న మూడొందల అరవై సొరుగుల్ని ఒక్కసారి కళ్ళతోనే తడుముతాడు. ఇంతలో ఎవరో ఒకరు చొక్కా చేత్తో పట్టుకుని రొప్పుతూ వస్తారు.

"ఒకటి ఊడిపోయిందండీ! ఇంకో గంటలో ఇంటర్వ్యూ!"

ఆయన కంగారుపడడు. ఊడకుండా మిగిలినదాన్ని గోటితో టిక్కుమనిపిస్తాడు. వెలుతురుకి పట్టి చూస్తాడు. "నాలుగు కన్నాలు. అంచు మందం. తెలుపు కాదిది, తెలుపు అలిసిపోతే వచ్చే రంగు" అని గొణుక్కుంటూ వెళ్ళి ఒక సొరుగు లాగుతాడు. అంతే. కుట్టాక ఏది పాతదో ఏది కొత్తదో ఆ చొక్కాకి కూడా తెలీదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, ఒక్కటంటే ఒక్కటి తేడా రాలేదు.

ఇల్లూ అలాగే ఉంటుంది. డైనింగ్ టేబులూ ఆరు కుర్చీలూ ఒకే చెట్టు కర్రతో, ఒకే పాలిష్‌తో చేయించాడు. పెళ్ళి కాకముందు వారంలో ఆరు రోజులు రోజుకో కుర్చీలో కూచుని తినేవాడు. ఆదివారం నించుని తినేవాడు, ఏ కుర్చీకీ అన్యాయం జరక్కూడదని.

అలాంటి మనిషి నలభై నాలుగో ఏట స్కూల్ బస్సు నడిపే ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు. కోటుకి బొత్తాం కోసం వచ్చిందావిడ. "ఏదో ఒకటి ఇవ్వండి, ఊడకుండా ఉంటే చాలు" అంది. ఏదో ఒకటి! ఆ మాటకి ఆయనకి మూడు రోజులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు బస్టాపుకెళ్ళి నించున్నాడు.

బస్సావిడతో పాటు పదేళ్ళ కూతురు వచ్చింది. ఒక్కచోట కాలు నిలవదు కాబట్టి అందరూ ఆ పిల్లని మిడత అంటారు. వాళ్ళతో పాటు సామాన్లూ వచ్చాయి. ఒక పేము కుర్చీ, మడతపెట్టే ఇనప కుర్చీ, మూసేసిన సినిమా హాల్లోంచి ఎవరో పీకి పారేసిన ఎర్ర సీటు, ఒక మూడు కాళ్ళ స్టూలు. అన్నీ బస్సు వెళ్ళే దార్లో దొరికినవే. ఏ రెండూ అక్కాచెల్లెళ్ళు కాదు సరికదా, దూరపు చుట్టాలు కూడా కాదు.

కొత్త సామాను వస్తే పాతవాటికి నచ్చాలి కదా. ఏ ఇంట్లోనైనా ఉండే గొడవే. పక్క కొట్టు దర్జీ ముందే చెప్పాడు. "మా ఇంట్లో సోఫా కొత్త బీరువాకేసి మూడు నెలలు వీపు తిప్పుకుని కూచుంది. మేం గోడ చూస్తూ టీ తాగాం. మీరూ కొంచెం ఓపిక పట్టండి."

ఆయన ఓపిక పట్టాడు. పేము కుర్చీ వారంలోనే ఆయన పుస్తకాల అలమరతో చనువు పెంచుకుంది. ఇనప కుర్చీ బాల్కనీలోకి పోయి అక్కడే ఉండిపోయింది. ఎర్ర సీటు టీవీ ముందు సెటిలైంది, దానికి అలవాటైన పనే. స్టూలుతోనే వచ్చింది చిక్కు. ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా ఆరు కుర్చీలూ టేబులుకి అవతలి వైపు చేరి, స్టూలుకేసి వీపు పెట్టి వరసగా నించునేవి. స్టూలేమో చెప్పుల స్టాండు పక్కన మొహం మాడ్చుకుని కనపడేది. సాయంత్రం దాన్ని తెచ్చి టేబులు దగ్గర వెయ్యడం, మర్నాటికి అది మళ్ళీ చెప్పుల దగ్గర ఉండడం.

"వాటికి నేనంటే పడదు" అంది మిడత.

"నువ్వు కాదే, స్టూలంటే పడదు" అంది బస్సావిడ.

"స్టూలు నాదే కదమ్మా."

ఆ పిల్ల స్కూలు బ్యాగు వీపు మీంచి తియ్యకుండానే తినేది. ఏ క్షణాన్నైనా లేచి వెళ్ళిపోవాల్సినట్టు కూచునేది. "బ్యాగు తియ్యమ్మా, బరువు కదా" అని బొత్తాలాయన అంటే, "పర్లేదండీ, మీరు తినండి" అనేది. ఆ 'అండీ' వినగానే ఆయన కంచం పక్కకి జరిపేసేవాడు.

బస్సావిడ అక్క వేరే ఊళ్ళో స్కూలు హాస్టలు వార్డెను. "దాన్ని నా దగ్గరికి పంపించవే, సీటుంది" అని ఎప్పట్నించో అడుగుతోంది. మిడత తేల్చి చెప్పేసింది. "నా స్టూలుకి ఎక్కడ చోటుంటే నేనక్కడ ఉంటా. ఈ నెలాఖరు దాకా చూస్తా."

నెలాఖరుకి పదిరోజులుంది. బొత్తాలాయనకి ఈ మధ్య కొత్త జబ్బొకటి పట్టుకుంది. సాయంత్రం ఐదయ్యేసరికి చెవులు వీధి మలుపు దగ్గరుండేవి. బస్సు అక్కడ తిరుగుతూ రెండుసార్లు హారన్ కొడుతుంది. రెండోది మిడత కొట్టేది. ఆ రెండో హారన్ ఇక వినపడకపోతే ఎలాగని రోజులు లెక్కపెట్టుకునేవాడు.

అందుకని తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. మ్యాచ్ చేద్దామనుకున్నాడు.

గురువారం పిల్ల స్కూలుకెళ్ళగానే స్టూలు చంకన పెట్టుకుని వడ్రంగి తాత దగ్గరికెళ్ళాడు. "దీనికి కుర్చీల రంగు పాలిష్ కొట్టాలి. నాలుగో కాలు కూడా పెట్టాలి."

వడ్రంగి తాత స్టూలుని తిరగేసి, మరగేసి చూశాడు. "ఆ పిల్లనడిగావా?"

"సర్‌ప్రైజ్."

"ఊఁ" అన్నాడు తాత. ఆ 'ఊఁ'లో చాలా ఉంది గానీ బొత్తాలాయనకి వినపడలేదు. "పాలిష్ కొడతా. కాలు మాత్రం పెట్టను. నేను అతికిస్తే అది ఒట్టి కర్రవుతుంది. కాలు దానంతటది రావాలి."

సాయంత్రానికి స్టూలు నిగనిగలాడుతూ ఇంటికొచ్చింది. కుర్చీల పక్కన పెడితే సొంత తమ్ముడిలా ఉంది. బొత్తాలాయన చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా నవ్వుతూ నించున్నాడు.

మిడత వచ్చింది. చూసింది. వంగి స్టూలు మీద చెయ్యేసి, ఏదో వెతుకుతున్నట్టు ఇటూ అటూ రాసింది.

"నా ఇళ్ళేవి?" అంది.

ఆయనకి అర్థం కాలేదు. బస్సావిడ నెత్తి కొట్టుకుంది. "ఎంత పని చేశారండీ! మేం ఐదు అద్దిళ్ళు మారాం. ప్రతి ఇంటికీ నేనే రంగులేసేదాన్ని, ఈ స్టూలెక్కే. ఇంటికో చుక్క దీనిమీద పడేది. అవన్నీ చూసుకుంటూ పెరిగిందది."

"నేను... మరకలనుకున్నాను" అన్నాడాయన.

మిడత ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఫోన్ తీసి, "పెద్దమ్మా, ఆదివారం వచ్చెయ్" అంది. మర్నాడు ఇల్లు ఖాళీ కాగానే కుర్చీలు ఎప్పట్లాగే వీపు తిప్పుకున్నాయి. పాలిష్ చూసి మోసపోవడానికి అవేమన్నా మనుషులా?

శుక్రవారం బొత్తాలాయన ముదురు నీలం కోటుకి నల్ల బొత్తాం ఇచ్చాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. కోటు తెచ్చిన దర్జీ భయపడిపోయి ఆయన నుదురు పట్టుకు చూశాడు. "జ్వరం లేదే! ఇంట్లో అందరూ బాగున్నారా?"

"నాకు రంగులు కనపడుతున్నాయి గానీ, ఏ రంగు ఎవరిదో కనపడట్లేదయ్యా" అన్నాడు బొత్తాలాయన.

అన్నాక ఏదో తట్టినట్టు వంగి కౌంటర్ కింద చూశాడు. అడుగున ఒక పెద్ద బిస్కట్ డబ్బా. బరువుకి మూత ఉబ్బిపోయి ఉంది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం బస్సు మలుపు తిరిగితే ఒకే హారన్ వినపడింది. అయినా ఆయన ఎదురెళ్ళి, "ఒక్కసారి కొట్టుకొస్తావా? తర్వాత నీ ఇష్టం" అన్నాడు. మిడత బ్యాగుతోనే వచ్చింది.

డబ్బా మొత్తం కౌంటర్ మీద గుమ్మరించాడు. ఎరుపు, పసుపు, పచ్చ, గాజువి, కొమ్ముతో చేసినవి, పువ్వుల్లాంటివి, ఓడ బొమ్మలున్నవి గలగలా దొర్లాయి. మిడత నోరు తెరిచేసింది.

"ఇవేంటి?"

"ఒంటివి. వీటి జతలు ఎక్కడెక్కడో పోయాయి. ఏ చొక్కాకీ పనికిరావు."

"మరి పారెయ్యలేదేం?"

ఆయన ఒకటి తీసి వెలుతురుకి పట్టాడు. "ఏమో. చేతులు రాలేదు."

మిడత మొదటిసారి ఆయన మొహంకేసి సరిగ్గా చూసింది.

"మొదటింటి రంగేంటో చెప్పు" అన్నాడాయన.

"నీలం."

"నీలాలు నా దగ్గర నలభై ఉన్నాయి. ఏ నీలం?"

"కొత్తగా వేసినప్పుడు బాగుండేది. తర్వాత వంటింటి పొగకి మాడిపోయింది."

ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళతో కుప్పలో కెలికి ఒకటి తీశాడు. మిడత ఉలిక్కిపడింది. "ఇదే! పొయ్యి వెనక గోడ ఇదే!"

"రెండోది?"

"పచ్చ. వాన పడితే ముదురయ్యేది, గోడ నానేది కదా."

ఇచ్చాడు. మూడోది అమ్మకి అస్సలు నచ్చక తిట్టుకుంటూ వేసిన గులాబీ. నాలుగోది సగం డబ్బాతో ఆగిపోయిన పసుపు. ఐదోది తెలుపే గానీ కిటికీలోంచి పక్కింటి రేకుల ఎరుపు పడే తెలుపు. ఒక్కటి కూడా తేడా రాలేదు. ఐదు బొత్తాలూ పక్కపక్కన పెడితే ఒకదానికొకటి బొత్తిగా సంబంధం లేదు. అంత అందమైన వరస ఆయన జన్మలో పేర్చలేదు.

"ఈ ఇంటిది?" అన్నాడు మెల్లిగా.

"ఈ ఇంటిదెందుకు? రేపు వెళ్ళిపోతున్నాగా."

ఆయన సరేనని తలూపాడు. కానీ లేత గోధుమరంగుది ఒకటి, హాలు గోడకి సరిపోయేది, చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ నేల మీద కూచుని స్టూలుకి బొత్తాలు బిగించారు. మిడత ఎక్కడెక్కడ ఏ చుక్క ఉండేదో వేలు పెట్టి చూపించడం, ఆయన సన్నటి మేకు దింపడం. రెండుసార్లు మేకు మీద కాకుండా వేలి మీద కొట్టుకున్నాడు. మూడోసారి మిడత సుత్తి లాక్కుంది. "మీరు పట్టుకోండి, నేను కొడతా." అది ఇంకా ప్రమాదం, అయినా పట్టుకున్నాడు.

భోజనాల దగ్గర ఆయన స్టూలు మీద కూచున్నాడు. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి, గడ్డం కంచానికి తగిలింది. బస్సావిడ, "ఏవండీ బొత్తాలాయనా, గేరు మారుద్దామంటే మీ కాలే అడ్డొచ్చేట్టుంది" అంది. మిడత పొలమారేదాకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చూసుకోకుండా ఆయన కుర్చీలో కూచుంది. కుర్చీ కిర్రుమంది గానీ, జరగలేదు.

ఆదివారం పదింటికి వార్డెన్ పెద్దమ్మ ఫోన్. సందు తెలీక తిరుగుతోందట. ముగ్గురూ ఇంటికి తాళం వేసి మలుపు దాకా ఎదురెళ్ళారు. పెద్దమ్మ కారు దిగుతూనే, "డిక్కీలో ట్రంకుపెట్టె పక్కన స్టూలుకి చోటు ఉంచానే. కొలిచి మరీ ఉంచాను" అంది.

తాళం తీశారు.

ఆరు కుర్చీలూ టేబులు చుట్టూ ఇటు మూడూ అటు మూడూ సర్దుకుని ఉన్నాయి. ఇటు మూడిట్లో రెంటి మధ్య స్టూలుంది. దానికి నాలుగు కాళ్ళున్నాయి. నాలుగోది కుర్చీల కర్రే, అదే చెట్టు. పక్క కుర్చీకి మూడే కాళ్ళున్నాయి. ఏ మాత్రం ఒరగకుండా, హాయిగా నించుని ఉంది.

"ఓ, కలిసిపోయాయన్నమాట" అంది పెద్దమ్మ చెప్పులు విడుస్తూ. "సరే, ముందు స్టూలెక్కిద్దాం పట్టండి."

స్టూలు గుమ్మం దాకా బుద్ధిగా వచ్చింది. గుమ్మంలో నాలుగు కాళ్ళూ చాపేసింది. నిలువుగా పట్టారు, అడ్డంగా పట్టారు, తలకిందులుగా తిప్పారు. పెద్దమ్మ బయట్నించి లాగింది, బస్సావిడ లోపల్నించి తోసింది. ఇంట్లో ఎక్కడికైనా వస్తోంది, గుమ్మం మాత్రం దాటట్లేదు. పెద్దమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

"దీన్ని వదిలెయ్యవే. హాస్టల్లో బెంచీలున్నాయి."

"స్టూలు రాకపోతే నేనూ రాను పెద్దమ్మా. ముందే చెప్పాగా, దానికెక్కడ చోటుంటే అక్కడని" అంది మిడత. గొంతులో బాధ ఎక్కడా వినపడలేదు.

పెద్దమ్మ చెమట తుడుచుకుని చెల్లెలికేసి చూసింది. "ఇంతదూరం టీ తాగడానికొచ్చానన్నమాట. పెట్టు మరి."

టీ పెట్టారు. పెద్దమ్మకి నాలుగు కాళ్ళ కుర్చీ వేసి, బొత్తాలాయన మూడు కాళ్ళ కుర్చీలో కూచున్నాడు. ముందు కొంచెం బెరుకుగా, తర్వాత మొత్తం బరువేసి. అది ఆయన్ని మోసింది.

మిడత బ్యాగు వీపు మీంచి తీసి ఆ కుర్చీ వీపుకే తగిలించింది. స్టూలు మీద కూచుని, చెయ్యి చాపి, ఆయన చొక్కా జేబులోని బొత్తాన్ని వేలితో టిక్కుమనిపించింది.

"దాచావుగా, ఇటియ్యి" అంది. "సుత్తి ఎక్కడ పెట్టావు?"