వెనక సీటు బరువు

గాజువాకలో మెకానిక్కులకి లోటేం లేదు. వాళ్ళెవరి మీదా రోజారమణికి కోపం లేదు, ఒక్క సింహాద్రి మీద తప్ప. ఆ రోజు వాడు ఆమె ఇచ్చిన టీ తాగుతూ, ఆమె వేసిన కుర్చీలో కూర్చుని, ఆ ఒక్క మాట అనకుండా లేచి వెళ్ళిపోయి ఉంటే ఈ ఇంట్లో ఈ గొడవే ఉండేది కాదు. "బావా, ఇంత పెద్ద బండికి మూడొందల యాభై సీసీ ఇంజినేటి, సాల్దు. అచ్యుతాపురం కాడ ఏక్సిడెంటయిన బండిది అయిదొందల ఇంజినొకటుంది. నీ ఫ్రేముకి అచ్చంగా కూకుంటాది. ఇది ఇప్పడం, అది బిగించడం, అంతే" అన్నాడు. ఆమె మొగుడు సాయిశంకర్ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. కూతురు పుట్టిందని నర్సు చెప్పినప్పుడు కూడా ఆయన మొహం అంత వెలగలేదు. అది రోజారమణికి బాగా గుర్తు.

తర్వాత ఓ ఉదయం కానాగంతల కోసం ఫ్రీజర్ తెరిస్తే చేపల పక్కన పాలిథిన్ కవర్లో ఇనప చక్రాల్లాంటివి చేతికి తగిలాయి. ఇంజిన్ బేరింగులు. చలికి అవి కాస్త ముడుచుకుంటాయట, అప్పుడు వేడి చేసిన ఇంజిన్ కేసులోకి సులువుగా దిగిపోతాయట. కేసు వేడెక్కుతున్నది వరండాలో, ఆమె ఇడ్లీ కుండలో. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు ఇచ్చిన కుండ అది. ఇక దాంట్లో ఇడ్లీలు వేస్తే ఎవరూ తినరు. ఆ సంగతి ఆమె నోరు తెరిచి చెప్పేలోపే, "కుండదేటుందే, ఇంకోటి కొనుక్కో. ముందు ఆ బేరింగులు బేగి తే, సల్లదనం పోద్ది" అన్నాడు సాయిశంకర్. ఆమె పరిగెత్తింది. ఎందుకు పరిగెత్తిందో తర్వాత చేపలు తోముతూ ఆలోచించింది. అలవాటు. ఆ ఇంట్లో ఎవరు బేగి అన్నా ఆమె కాళ్ళు ముందు కదులుతాయి, మనసు తర్వాత వస్తుంది.

పోర్టులో క్రేను నడిపి వచ్చి ఆయన రోజూ సాయంత్రం ఆ పని మీదే కూర్చునేవాడు. ఆమె అచ్యుతాపురం బట్టల కంపెనీలో పగలంతా మిషను కుట్టి, కంపెనీ బస్సులో నిలబడి వచ్చి, వంట పొయ్యి మీద పెట్టి టార్చిలైటు పట్టుకునేది. పన్నెండో నంబరు స్పానరంటే పన్నెండో నంబరు, కిరసనాయిలంటే కిరసనాయిలు. ఆదివారాలు ఆయనతో టూర్లు తిరిగే స్నేహితులు వచ్చి ఇంజిన్ చుట్టూ నిలబడి మెచ్చుకునేవారు. వాళ్ళకి టీలు. గ్రీసు చొక్కాలు నానబెట్టడం, రుద్దడం, మరక పోలేదంటే మళ్ళీ నానబెట్టడం. ఇంజిన్ బండిలోకి ఎక్కి, మొదటిసారి స్టార్టయి వీధంతా దద్దరిల్లిన రోజున అందరూ సాయిశంకర్ చెయ్యి పట్టుకుని ఊపారు. లోపల ఆమె ఎంగిలి గ్లాసులు ఏరుతోంది.

అప్పటితో అయిపోయిందనుకుంది. అసలు పని అప్పుడే మొదలైంది.

పెద్ద ఇంజిన్ పెట్టగానే సరిపోదట, దాన్ని ట్యూన్ చెయ్యాలట. కార్బొరేటర్లో పెట్రోలు దిగే చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దాన్ని జెట్టంటారు. దాని బెజ్జం ఏ సైజు ఉండాలో బండిని పూర్తి వేగంతో లాగించి చూస్తేనే తెలుస్తుంది. అంత వేగంలో ఉండగా ఒక్కసారిగా ఇంజిన్ ఆపేసి, ఊరికే దొర్లే బండిని పక్కకి తీసి, స్పార్క్ ప్లగ్గు విప్పి దాని రంగు చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలనట్టు, నల్లగా ఉంటే ఎక్కువైనట్టు. టీ రంగు రావాలి. వెనక మనిషి ఉంటే ఎంత లాగుతుందో కూడా చూడాలి, ఎందుకంటే టూరు బండి, అనంతగిరి ఘాటు ఎక్కాలి. "ఇసక బస్తా కట్టుకోవచ్చుగా" అంది ఆమె మొదటి ఆదివారం. సాయిశంకర్ ముచ్చటపడినట్టు నవ్వాడు. "బస్తా మలుపులో ఒంగదే. నీకు ఒంగడం తెలుసు. ఇంట్లో ఏ పనీ తిన్నగా సెయ్యవుగానీ ఎనక సీట్లో మాత్రం నీకు సాటి నేదు." ఆ మాటకి ఆమెకి కొంచెం సంతోషం కలిగింది కూడా. అది తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

కూర్మన్నపాలెం దాటాక అనకాపల్లి వైపు హైవే. ఆ రోడ్డు మీద స్టీల్ చుట్టలు మోసుకుపోయే పెద్ద ట్రైలర్లు తిరుగుతాయి. చుట్టలు కదిలి ముందుకొస్తాయని భయపడి ఆ డ్రైవర్లు గబుక్కున బ్రేకు వెయ్యరు. అట్లాంటి వాటి ముందు సాయిశంకర్ బండిని చివరిదాకా లాగించి టక్కున ఆపేసేవాడు. చప్పుడు ఒక్కసారిగా పోయేది. ఆ నిశ్శబ్దంలో వెనక వచ్చే టైర్ల మోత ఆమె వీపులోకి దిగేది. ఆమె పని వెనక్కి తిరిగి లారీలు చూడటం, ఎడమ చెయ్యి చాపి పక్కకి తప్పుకుంటున్నామని ఊపడం. మెడ తిప్పి ఆ అద్దాల వెనక మొహాలు చూసేది. ఒక్కో డ్రైవరు బూతులు తిట్టేవాడు, ఒక్కోడు ఆమెను చూసి జాలిగా తల ఊపేవాడు. ఆ జాలే ఎక్కువ భయంగా ఉండేది.

సోమవారం మిషను ముందు కూర్చుంటే నడుము పట్టేసేది. ఒకసారి లేచి నిలబడి వీపు నొక్కుకుంటుంటే సూపర్‌వైజర్ చూశాడు. "ఆదివారం మొగుడి బండి మీద షికార్లు, సోమవారం కంపెనీలో నడుం నొప్పులు. మా ఆవిడికి ఆ అదృష్టం నేదమ్మా" అన్నాడు. లైనులో అందరూ నవ్వారు. పక్క మిషను సీతాలు మాత్రం నవ్వకుండా, "నిజం సెప్పు, నీకిట్టమేనా?" అని అడిగింది. రోజారమణి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఇష్టమా కాదా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, కాబట్టి మాట సిద్ధంగా లేదు.

ఇంట్లో చెబితే అత్తగారు జోగమ్మ ఒప్పుకోలేదు. "మొగుడు ఎక్కించుకు తిప్పుతానంటే ఒద్దన్నదాన్ని నిన్నే సూత్తన్నాను. మీ మావయ్య నన్ను సైకిలు మీదన్నా ఎక్కించుకోనేదే, ఎనకాల నడిపించుకుపోయీవోడు." రోజారమణికి అత్తమీద కోపం రాలేదు. ఆమె నడిచిన దూరం ఆమెది. అయినా గుండెలో దడ తగ్గలేదు. వంట చేస్తుంటే కుక్కరు కూత వేసి ఆగిపోతే ఉలిక్కిపడేది. పెద్ద చప్పుడేదైనా టక్కున ఆగితే చాలు, వెనక ఏదో వస్తున్నట్టే ఉండేది.

దానికితోడు బ్రేకు. ఇంజిన్ పెద్దదయింది, వెనక బ్రేకు మాత్రం పాతదే. ఇదివరకు నొక్కితే ఆగే బండి ఇప్పుడు జారుకుంటూ పోతోంది. వెనక కూర్చున్నదానికి అది కాళ్ళలోనే తెలుస్తుంది. పోయిన ఆదివారం ఇంజిన్ ఆపేసి పక్కకి తిప్పినప్పుడు బండి ఆగకుండా మట్టిలోకి పోయి, కల్వర్టు గోడ దగ్గర ఆగింది. అదే క్షణంలో ట్రైలరొకటి హారన్ మోగిస్తూ పక్కనించి పోయింది. ఆ గాలికి ఆమె చున్నీ మెడ మీదనుంచి ఊడి రోడ్డు మధ్యలో పడింది, వెనక వచ్చే లారీ దాన్ని తొక్కుకుంటూ పోయింది. ఆమె దిగి గోడవారగా నిలబడింది. సాయిశంకర్ అప్పటికే ప్లగ్గు విప్పి ఎండలో పెట్టి చూస్తున్నాడు. "సూడు, ఇంచుమించు టీ రంగే. ఇంకొక్క సైజు మారిస్తే అయిపోద్ది" అన్నాడు.

"బ్రేకు ఆగట్లేదండీ" అంది.

"ఎనక కూకున్నోళ్ళకి అన్నీ బయాలే."

ఆ వారమంతా ఆమె ఆయన తరఫున తనకి తనే సర్దిచెప్పుకుంది. పాపం, ముందు కూర్చున్నవాడికి వెనక లారీ ఎంత దగ్గరగా ఉందో ఎలా తెలుస్తుంది? ఆయన కళ్ళు రోడ్డు మీద ఉంటాయి, చెవులు ఇంజిన్ మీద ఉంటాయి. తెలిస్తే అలా చేస్తాడా? తెలియకే. జీతం ఇంట్లో ఇవ్వని నెలల్లో కూడా ఇట్లాగే అనుకుంది, పాపం తెలియకే అని. మర్చిపోయాడని, అలిసిపోయాడని, మొగవాళ్ళంతే అని. ఎన్ని కుట్టిందో అట్లాంటి అతుకులు. కంపెనీలో కుట్టిన చొక్కాలకైనా డబ్బులిచ్చారు.

శనివారం సాయంత్రం, "నా నడుం బాగోనేదు, రేపు నాను రాను" అంది. సాయిశంకర్ విసుక్కోలేదు. "సరే, రాకు. పాపనెక్కించుకుంటాను. బరువు సాలకపోతే దాని వీపుకి బేగొకటి తగిలిస్తాను" అన్నాడు. ఇంటరు చదివే దేవిశ్రీ అప్పటికే హెల్మెట్టు తల మీద పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. నాన్న ఇన్నాళ్ళకి తనను కూడా పిలిచాడని దాని సంబరం. "అమ్మా, నువ్వు ఒద్దనకే, పదిసార్లు అడిగితే ఒప్పుకున్నారు" అంది.

తెల్లారింది. బండి వీధిలో నిలబడి గుడగుడలాడుతోంది. ఇంజిన్ వినిపోదామని సింహాద్రి వచ్చాడు. జోగమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. దేవిశ్రీ బ్యాగు తగిలించుకుని వెనక సీటెక్కింది. బ్యాగులో రెండు పాత క్లచ్చు ప్లేట్లూ, ఒక ఇటుకా ఉన్నాయి. రోజారమణి చేతులు తుడుచుకుంటూ వచ్చి బండి ముందు నిలబడింది.

"సింహాద్రీ, నీకు పెద్ద బండ్లు నడపడం వచ్చుగా?"

"అదేటి అప్పా అలగడుగుతావు" అన్నాడు సింహాద్రి.

"అయితే నువ్వు నడుపు. మీ బావ ఎనక కూకుంటారు. ప్లగ్గు రంగు ఆయనే సూసుకుంటారు, లారీలూ ఆయనే సూసుకుంటారు."

ఆమె దెప్పడానికి అనలేదు. తెలియనివాడికి తెలుస్తుందని, ఒక్కసారి వెనక కూర్చుంటే చాలని, నిజంగా ఆశపడే అంది. సాయిశంకర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నీకేటి పిచ్చా? ఆ ట్రైలర్ల ముందు, ఆ బ్రేకుతో, ఎనక సీట్లో నానెలాగ కూకుంటాను?"

ఇంజిన్ తన పాటికి తాను కొట్టుకుంటోంది. సింహాద్రి తల దించుకుని తాళం చెవి ఏదో వెతుక్కున్నాడు. జోగమ్మ చేతిలో చిక్కుడుకాయ విరిగి ఆగింది. దేవిశ్రీ తండ్రి వీపు వైపు చూసింది, తర్వాత తన వీపున వేలాడే బ్యాగు పట్టీ పట్టుకుని చూసింది. సాయిశంకర్‌కి ఒక్కడికే ఇంకా అర్థం కాలేదు తనేం అన్నాడో.

తెలుసు. ఆయనకి మొదటి ఆదివారం నుంచీ అంతా తెలుసు.

రోజారమణి ఏడవలేదు. ఇన్నాళ్ళూ మోసిన దడ ఒక్కసారిగా ఆగింది, ఈసారి వెనక ఏదీ వస్తున్నట్టు అనిపించలేదు. చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజిన్ ఆపేసింది. "దేవీ, దిగు" అంది. పిల్ల దిగింది. "ఈ ఇంట్లో ఆడమనిషి ఇంకెవరూ ఈ సీటెక్కరు" అంది, మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు. సాయిశంకర్ తల్లి వైపు చూశాడు. జోగమ్మ తల ఎత్తకుండానే, "దిగిందిగా, పోనీరా" అంది.

తర్వాత ఆయన వెనక సీటుకి మనిషి కోసం చాలా తిరిగాడు. ఇంజిన్‌ని మెచ్చుకున్న స్నేహితుల్లో ఒకడికి వెన్నుపూస జారింది, ఒకడికి ఆదివారం డ్యూటీ పడింది, సింహాద్రికి షెడ్డులో తీరిక దొరకలేదు. ట్యూనింగు కుదరని బండి వరండాలో తుప్పు పట్టి, చివరికి గోపాలపట్నంలో పాత బండ్లు కొనేవాడి దగ్గరకి చేరింది. దేవిశ్రీ కాలేజీకి వెళ్తూ ఆ కొట్టు ముందు నుంచే బస్సులో పోతుంది. సాయిశంకర్ మాత్రం కొత్తవాళ్ళెవరు దొరికినా ఆ నష్టం చెప్పుకోకుండా ఉండలేడు. బండికీ ఇంజిన్‌కీ కలిపి పెట్టింది లక్షా పద్దెనిమిది వేలు, చేతికొచ్చింది నలభై ఒక్క వేలు, పెళ్ళాం ఒక్క పూట మొండికేసినందుకు తనకి పోయింది డెబ్భై ఏడు వేల రూపాయలు.