సమానంగా పంచిన రోబో

కిందటేడు రోబో పోటీకి కొండమీది అకాడమీ పిల్లలు చక్రాల పెట్టెల నిండా రోబోలు తెచ్చారు. దీవుల నుంచి పడవల్లో వచ్చిన సర్కారు బళ్ళ పిల్లలు చప్పట్లు తెచ్చారు. బహుమతుల వేళ ఒక దీవి టీచరు లుజ్విమిండా (అందరూ మిండా అంటారు) మైకు లాక్కుని, ఇది పోటీ కాదు, డబ్బున్నోళ్ళ ఊరేగింపు అనేసింది. పైవాళ్ళకు చురుక్కుమంది. వెంటనే సమానత్వ సంఘం పుట్టింది.

సంఘం సముద్రపుటొడ్డు హోటల్లో కూర్చుని పన్‌సిత్ సేమియా తిన్నది, కూర నింపి వేయించిన లుంపియాలు తిన్నది, పేదరికం గురించి మాట్లాడి మళ్ళీ తిన్నది. చివరికి మూడు దీవుల బళ్ళకు కలిపి ఒకే ఒక రోబో సామగ్రి కొన్నది. రేవు నుంచి చర్చి దాకా బ్యానర్లు కట్టారు. వాటిలో గవర్నరు ఇంటంత ఉన్నాడు, రోబో ఆయన చొక్కా గుండీ అంత ఉంది.

ఒక రోబో, మూడు బళ్ళు. ఎవరికిచ్చినా తక్కిన ఇద్దరికీ అన్యాయమే. సంఘం అధ్యక్షుడు పసిఫికో సార్ ఆ చిక్కు చిటికెలో విప్పేశాడు. చక్రాలూ మోటార్లూ మిండా బడికి. ఆజ్ఞలు దాచుకునే మెదడు పెట్టె రెండో దీవికి. బ్యాటరీ, దారి చూసే సెన్సర్లు మూడో దీవికి. తిలా పాపం తలా పిడికెడు. ముగ్గురికీ సమానంగా అందింది, ముగ్గురి దగ్గరా రోబో లేదు.

అక్కడితో అయిపోలేదు. సర్కారు వస్తువుకు ఎవరు సంతకం పెడితే వాళ్ళ మెడకే ఉరి. విరిగితే జీతంలో కోత. అందుకే ఆ బళ్ళలో కొత్త వస్తువులు ప్లాస్టిక్ తొడుగు విప్పకుండానే అద్దాల బీరువాలో ముసలివైపోతాయి. ముగ్గురు హెడ్మాస్టర్లూ ఎవరి వాటా వాళ్ళు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.

ఒక్కసారి చక్రాలిస్తే పక్క దీవికి తీసుకెళ్ళి మెదడుకు తగిలిస్తానని మిండా తన హెడ్మిస్ట్రెస్ ఫెలిసిదాద్‌ను బతిమాలింది.

"వచ్చే ఏడు నేను రిటైరవుతున్నాను మిండా," అన్నది ఆవిడ. "ఈలోగా ఆ చక్రాలకు ఏమన్నా అయితే నా పింఛను పట్టుకుంటారు. నన్ను ప్రశాంతంగా పోనీ తల్లీ."

దాంతో పిల్లలే రోబోలయ్యారు. పోటీలో రోబో నడవాల్సిన గీతను అవే కొలతలతో బడి వసారాలో సుద్దతో గీశారు. రెండో దీవి పిల్లలు ఫోన్లో ఆజ్ఞలు చదివేవాళ్ళు. మూడో దీవి వాళ్ళు గీత ఎటు తిరిగిందో అడిగేవాళ్ళు. క్రిస్‌లిన్ అనే పొడుగుకాళ్ళ పిల్ల ఆ ఆజ్ఞల ప్రకారం గీత మీద నడిచేది. ఒకరోజు పొరపాటు ఆజ్ఞకు గోడను గుద్దుకుని, "నాక్కూడా తొడుగు వేసి బీరువాలో పెట్టండి మేడమ్," అని నుదురు రుద్దుకుంది.

మూడు బళ్ళనూ ఒకే జట్టుగా నమోదు చెయ్యమని అడగటానికి మిండా సంఘం దగ్గరికి పోయింది. పసిఫికో సార్ నొచ్చుకున్నాడు. మూడు బళ్ళ తెలివి ఒక్క జట్టులో పోగేస్తే ఒంటరి బళ్ళ గతేమిటని అడిగాడు. అకాడమీ కోచ్ అప్పటికే అభ్యంతరం రాసిచ్చాడట.

"మూడు బళ్ళకు ఒక్క రోబో ఇచ్చినప్పుడు ఈ న్యాయం ఎక్కడ నిద్రపోయింది సార్?"

"అది సమానత్వం మేడమ్. ఇది నిబంధన. రెండూ కలిపెయ్యకండి."

అయినా పోటీ రోజున దీవుల వాళ్ళను పిలిచారు. ఆడటానికి కాదు, ఫోటోకు. ముగ్గురు హెడ్మాస్టర్లు తమ తమ వాటాలు గుండెలకు హత్తుకుని వేదికెక్కారు. వెనక పిల్లలు. ప్రార్థన అయింది, జాతీయగీతం అయింది, స్వాగతం అయింది, డాన్సు అయింది. గవర్నరు సమాన అవకాశాల గురించి ఉపన్యాసం అందుకున్నాడు. అది ఇప్పట్లో తెమలదని ఊళ్ళో కుక్కకు కూడా తెలుసు.

మిండా పిల్లల వైపు తలూపింది. క్రిస్‌లిన్ ఫెలిసిదాద్ చేతుల్లోంచి చక్రాలు మెల్లగా తీసుకుంది. తక్కిన ఇద్దరి చేతులూ ఖాళీ అయ్యాయి. కెమెరా ముందు పిల్లలతో పెనుగులాడటం బాగుండదని ముగ్గురూ నవ్వుతూనే ఉన్నారు. ప్లాస్టిక్ చిరిగిన చప్పుడు మైకులో కూడా వినబడింది. పిల్లలు మూడు వాటాలూ బిగించి, వసారాలో నడిచి చూసిన ఆజ్ఞలు మెదడు పెట్టెలోకి ఎక్కించారు.

ఉపన్యాసం పేదల కన్నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి రోబో పిల్లల చేతుల్లో వేదిక దిగి మైదానంలో గీత పట్టుకుంది. మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది. మూడో మలుపు దాటేసి తిన్నగా పోయి అకాడమీ కోచ్ బూటును పొడిచింది.

జనం గొల్లుమన్నారు. క్రిస్‌లిన్ మాత్రం నవ్వలేదు.

"నా అడుగు లెక్కన రాశాం మేడమ్," అన్నది. "దాని చక్రానికి అంత దూరం అక్కర్లేదు. మా దగ్గరే ఉంటే సరిచేస్తాం."

ఉంటే కదా. పసిఫికో సార్ అప్పటికే స్క్రూడ్రైవర్ తెప్పిస్తున్నాడు. సాయంత్రంలోగా ఎవరి వాటా వాళ్ళకు చేరాలట. హెడ్మాస్టర్లు చిరిగిన తొడుగుకు జీతం ఎంత కోస్తారోనని వేళ్ళ మీద లెక్కలు వేస్తున్నారు. రోబో పరిగెత్తిందా, పాకిందా, వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. అప్పుడు వెలిగింది మిండాకు. ఏడాదిగా తను రోబో గురించి అడుగుతుంటే వీళ్ళు సంతకం గురించి జవాబు చెబుతున్నారు.

"మూడు వాటాలకూ నేనే సంతకం పెడతాను," అన్నది. "విరిగితే నా జీతం కొయ్యండి."

ఫెలిసిదాద్ ఆమెను కావలించుకున్నంత పని చేసింది. తక్కిన ఇద్దరూ పెన్నులు తీసి అందించారు. పసిఫికో సార్ ఒక్కడే తక్కిన రెండు బళ్ళకూ అన్యాయం కదా అని గొణిగాడు.

"ఆ బళ్ళ పిల్లలు అదిగో సార్, నేల మీద పడుకుని ఆజ్ఞలు మారుస్తున్నారు. అన్యాయం జరిగిందేమో వాళ్ళనే అడగండి. శనివారాలు పడవ వేసుకుని మా బడికి వస్తారు."

ఆయన అడగలేదు. భోజనాలకు పిలుపొచ్చింది.

కప్పు అకాడమీకే పోయింది. సమానత్వ సంఘానికి జ్ఞాపిక ఇచ్చారు. మిండా మూడో కాగితం మీద సంతకం పెడుతుండగా మైదానం మూల పిల్లలు రోబోను మళ్ళీ గీత మీద పెట్టారు. ఈసారి మూడో మలుపు తిరిగింది. నాలుగోదాని దగ్గర మొండికేసింది. పిల్లలు దాని చుట్టూ చతికిలబడి తగువులాడుకోవటం మొదలుపెట్టారు. తొందరేమీ లేదు, రేపు కూడా అది వాళ్ళ దగ్గరే ఉంటుంది.