గుర్రం జూలు

పెద్దల్లుణ్ణి ఆ ఇంట్లో అందరూ డైరెక్టరుగారు అంటారు. కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో ఆయన హోదా అది. చిన్నల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి అతను లిఫ్టాయన. ఈ పిలుపులు పెట్టింది అత్తగారే. మొదటిదాన్ని ఆవిడ పక్క వాటావాళ్ళకు వినపడేలా పలికేది. రెండోదాన్ని ఎక్కడైనా ఏదైనా పాడైనప్పుడు పలికేది.

తోడల్లుళ్ళిద్దరూ ఎన్నడూ మాటామాటా అనుకున్నది లేదు. డైరెక్టరుగారికి తోడల్లుడంటే చులకన. లిఫ్టాయనకు ఆయనంటే అంతకు నాలుగింతల చులకన. ఆయన తన చులకనను నవ్వుతూ పైకి అనేసి మరిచిపోయేవాడు. ఇతను పైకి ఒక్క మాటా అనకుండా లోపల పెంచి పోషించుకునేవాడు.

పదేళ్ళ కిందట ఆ కంపెనీ నుంచి గుర్రం ఆట వచ్చింది. టపా మోసే రౌతు ఒకడు వానలో కొండలు దాటుకుంటూ రేవుపట్నం చేరుకోవాలి. డైరెక్టరుగారు అప్పటికింకా నలుగురు కుర్రాళ్ళ మీద సీనియర్ ప్రోగ్రామరే. ఆ గుర్రం జూలు ఆయన రాసిందే. నాలుగు వేల వెంట్రుకలు. గాలి వీస్తే దేనికదే కదులుతుంది, వాన పడితే తడిసి మెడకు అంటుకుంటుంది. పత్రికలవాళ్ళు ఆట గురించి రెండు ముక్కలు రాసి, జూలు గురించి పేజీలు నింపారు. ఆ జూలు పట్టుకునే ఆయన ఒక్కొక్క కుర్చీ ఎక్కుతూ పోయాడు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం భోజనాల దగ్గర లిఫ్టాయన అడిగాడు. "అన్నయ్యగారూ, మీ ఆట మా ఇంట్లో కంప్యూటర్ మీద నడుస్తుందంటారా?"

"నీ డబ్బా మీదా?" అన్నాడు పెద్దాయన చెయ్యి కడుక్కుంటూ. "అది ఉత్తరాలు టైపు చేసుకోడానికి తమ్ముడూ. మా గుర్రాన్ని దాని మీదకి ఎక్కించావంటే డబ్బా బతుకుతుందేమో గానీ గుర్రం చస్తుంది."

అందరూ నవ్వారు. లిఫ్టాయన భార్య కూడా నవ్వింది. ఆ తర్వాత ఆవిడ నవ్విన సంగతి మరిచిపోయింది. అతను మరిచిపోలేదు.

కొన్నాళ్ళకు అతని చేతికి ఒక ఆటపెట్టె వచ్చింది. అరచేతిలో ఇమిడిపోయే కన్సోల్. ఓపెన్ సోర్స్ రకం. అంటే లోపలి బోర్డు నమూనా దగ్గర నుంచి దాన్ని నడిపే ప్రోగ్రాముల దాకా అన్నీ బహిరంగమే, తెలిసినవాళ్ళెవరైనా విప్పి మార్చుకోవచ్చు. గుర్రం ఆట అడిగే మెమరీలో పదహారో వంతు కూడా అందులో లేదు. అలాంటి పెట్టెల మీద పెద్ద పెద్ద కంప్యూటర్ ఆటలను నడిపించాలని పట్టుబట్టినవాళ్ళు తలా ఒక ఊళ్ళో ఓ ముప్పై మంది ఉన్నారు. వాళ్ళు ఎవరికీ జీతగాళ్ళు కారు. లిఫ్టాయన వాళ్ళలో చేరాడు. పగలు లిఫ్టు గుంతల్లో దిగి, సాయంత్రం చెప్పుల బీరువా పక్కన వేసుకున్న చిన్న బల్ల ముందు కూర్చునేవాడు. ఆరేళ్ళలో ఎనిమిది ఆటలను ఒంటిచేత్తో ఆ పెట్టెలోకి దింపాడు.

పని నేర్చుకునేకొద్దీ అతనికి ఆటలు రాసేవాళ్ళంటే ఏవగింపు పెరిగింది. "ఎనిమిది మంది ఎక్కే లిఫ్టుకు ఎనభై మందిని లాగే మోటారు బిగిస్తారు. అదీ చాలట్లేదంటే బిల్డింగు మార్చుకోమంటారు. వీళ్ళూ పనివాళ్ళే!" అనేవాడు భార్యతో. తను దింపిన ఆటలు ఆడుకునేవాళ్ళన్నా అతనికి గౌరవం ఏమీ లేదు. "తర్వాతిది ఎప్పుడొస్తుంది?" అని వాళ్ళు రాసే ఉత్తరాలకు ఒక్కదానికీ జవాబిచ్చిన పాపాన పోలేదు.

అలా ఉండగా, గుర్రం ఆట ఇక అమ్ముడుపోవడం లేదని కంపెనీ దాని కోడ్ మొత్తాన్ని అందరికీ వదిలేసింది. ఆట కొనుక్కున్నవాళ్ళు దాన్ని ఎలాగైనా మార్చుకోవచ్చు. లిఫ్టాయన ఆ సాయంత్రమే ఆట కొని, కోడ్ దించుకుని, గుంపులో ప్రకటించాడు. "దీన్ని నేను చూసుకుంటాను. ముందు ఆ జూలు పీకేస్తాను."

గుంపులో అందరి పనినీ సరిచూసేది టీచరమ్మ. ఎక్కడో బడిలో లెక్కలు చెబుతుంది. ఆవిణ్ణి ఎవరూ చూడలేదు గానీ అందరికీ భయమే. ఆవిడ ఒక్క మాట అడిగింది. "కొలిచారా?"

"కొలవక్కర్లేదు మేడమ్. రాసినవాణ్ణి నేనెరుగుదును" అని రాశాడు.

జూలు పీకడానికి రెండు నెలలు పట్టింది. అది మెడకూ గాలికీ వానకూ ముడిపడి ఉంది. ఒక్కొక్క ముడీ విప్పి, దాని స్థానంలో ఒక నల్లటి పట్టీ అతికించాడు. ఆట సాఫీగా సాగాలంటే సెకనుకు ముప్పై బొమ్మలు మారాలి. జూలు ఉన్నప్పుడు ఏడు మారేవి. జూలు పీకాక కూడా ఏడే మారాయి. గుర్రం బోడిమెడతో కొండ మీద ఈడ్చుకుంటూ నడిచింది.

టీచరమ్మ ఈలోగా కూర్చుని కొలిచింది. "జూలుకు పడుతున్నది నూటికి మూడు పాళ్ళు" అని రాసింది. "గుర్రం దూరంగా ఉంటే నాలుగు వేల వెంట్రుకలు వాటంతటవే నలభై అవుతాయి. చిన్న తెర మీదైతే ఇంకా తగ్గుతాయి. ఈ చెత్తకుప్పలో చదవదగ్గ ఫైలు అదొక్కటే. దాన్ని మీరు పీకేశారు. అసలు జబ్బు రేవుపట్నంలో ఉంది. మూడు వందల ఇళ్ళు. ఆడేవాడు లోపలికి వెళ్ళగలిగేవి నాలుగు. మిగతా ఇళ్ళ తలుపులు మూసే ఉంటాయి, అయినా లోపల కుర్చీలూ మంచాలూ చెంచాలతో సహా గీస్తున్నారు. గుర్రం ఇంకా కొండ అవతల ఉన్నప్పుడు కూడా గీస్తున్నారు."

లిఫ్టాయనకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అరిగిందో లేదో కొలవకుండా లిఫ్టు తాడు మార్చినవాణ్ణి అతను పనివాడనడు, మనిషని కూడా అనడు.

ఆ రాత్రి భోజనం మానేసి జూలు ఫైలు మొదటిసారి చదివాడు. తనకు కొత్తైన భవనంలో లిఫ్టు కంట్రోలు పెట్టె తెరవగానే, లోపల తీగలు కట్టిన తీరు చూసి ఇంతకు ముందు వచ్చినవాడు ఎలాంటివాడో అతను చెప్పేయగలడు. ఇక్కడ ప్రతి తీగా పొందికగా కట్టి ఉంది. ఒక్క పోగు ఎక్కువ లేదు, ఒక్క పోగు తక్కువ లేదు. చదువుతున్నకొద్దీ అతనికి కోపం ఎక్కువైంది. పెద్దాయన చేతకానివాడని తేలితే సుఖంగా ఉండేది. ఇంత పని చేతిలో ఉన్న మనిషి దాన్ని అటకెక్కించి, పదేళ్ళుగా మీటింగుల్లో కూర్చుని ఎదుటివాళ్ళకు వేలు చూపిస్తున్నాడా? చేతకానివాడి మీద కన్నా ఇలాంటివాడి మీద అతనికి రోత రెట్టింపైంది.

జూలును మళ్ళీ మెడకు అంటించాడు. మూసిన ఇళ్ళను ఖాళీ డొల్లలుగా మార్చాడు. రాళ్ళ, గోడల బొమ్మలను చిన్న తెరకు తగ్గట్టు కుదించాడు. మరో నాలుగు నెలలకు ముప్పై బొమ్మలూ వచ్చాయి. శనివారం ఆటను విడుదల చేశారు. ఆదివారం డైరెక్టరుగారి ఇంట్లో భోజనాలు.

బయల్దేరేముందు భార్య అతని జేబు వైపు చూసింది. "అది తెస్తున్నావా?"

"ఆఁ."

"అక్కడ గొడవ పెట్టకు."

"నేనెప్పుడైనా గొడవ పడ్డానా?"

"పడవు. మూతి బిగించుకుని కూర్చుంటావు. దానికన్నా గొడవే నయం."

డైరెక్టరుగారి వాటా పదకొండో అంతస్తులో ఉంటుంది. హాల్లో సోఫా వెనక గోడంతా గుర్రం బొమ్మే. దాని కిందే కూర్చుని ఆయన తోడల్లుడి చేతిలోని పెట్టెను రెండు వేళ్ళతో అందుకున్నాడు. తెర మీద గుర్రం నిలబడి ఉంది.

"వీడియో ఎక్కించావా? బాగుంది."

"వీడియో కాదు అన్నయ్యగారూ. ఆట. నొక్కి చూడండి."

నొక్కాడు. గుర్రం తల తిప్పింది. ఆయన ఇంకోసారి నొక్కాడు. గుర్రం పరుగెత్తింది.

"జూలు తీసేసుంటావు."

"తియ్యలేదు. వానలోకి తీసుకెళ్ళండి."

ఆయన వానలోకి తీసుకెళ్ళాడు. జూలు తడిసి, పాయలు పాయలుగా మెడకు అంటుకుంది. కళ్ళజోడు నుదుటి మీదకు తోసి పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అంతసేపు ఆయన నోరు మూతపడి ఉండడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"ఏం లిఫ్టాయనా, ఏమైనా విరిగిందా?" అంది అత్తగారు వంటింట్లోంచి.

"మరి దేన్ని కోశావు?" అని అడిగాడాయన చివరికి.

"ఊళ్ళో మూసిన ఇళ్ళను. లోపల చెంచాలు కూడా గీస్తోంది మీ ఆట."

డైరెక్టరుగారు ఫక్కున నవ్వాడు. "అదా! అది నాకు తెలుసు. చెంచాలున్నాయని కుర్రాళ్ళు అప్పుడే చెప్పారు. విడుదలకు మూడు వారాలుంది, వదిలేయమన్నాను. నడవకపోతే కొత్త మెషీన్ కొనుక్కుంటారు, మనకేం పోయింది? కొన్నారు కూడా."

"లిఫ్టు సంగతి నేనూ అలాగే అనుకుంటే, ఈ పదకొండో అంతస్తు నుంచి మీరు రోజూ ఎలా దిగేవారంటారు అన్నయ్యగారూ?"

భార్య అతని చేతి మీద గిల్లింది. డైరెక్టరుగారు విననట్టే ఉండి గుర్రాన్ని ఇంకో కొండ ఎక్కించాడు. "సరేలే. దీన్ని మా కంపెనీ తరఫున బయటపెడదాం. నీ పేరు కూడా ఓ మూల వేయిస్తాను."

"నిన్ననే బయటపెట్టాం. ఆట కొన్నవాళ్ళెవరైనా దించుకోవచ్చు."

"నా పేరు వేశారా?"

"మీ పేరు ఎక్కడా లేదండీ. ఫైళ్ళన్నిటి మీదా కంపెనీ పేరే ఉంది."

ఆయన ముఖం కందగడ్డయింది. వదిన రెండుసార్లు పిలిచినా భోజనానికి లేవలేదు. అందరూ తినేశాక, తల ఎత్తకుండానే మెల్లగా అన్నాడు. "వానలో గాలి ఇటు వీస్తుంటే జూలు అటు పోతోంది చూశావా? పదేళ్ళ నాటి తప్పు. ఒక్కడూ పట్టుకోలేదు. నువ్వు సరిచేసెయ్."

"నేనెందుకు? మీరే సరిచేసి పంపండి. చూసి, బాగుంటే కలుపుతాం."

"నా కోడ్‌ను మీరు చూస్తారా?"

"టీచరమ్మ చూస్తుంది."

"ఏం టీచరు?"

"లెక్కల టీచరు."

డైరెక్టరుగారు పెట్టెను టీపాయ్ మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

మూడు వారాల తర్వాత ఆయన సవరణ వచ్చింది, మారుపేరుతో. పైన తన అనుభవం గురించి పేజీన్నర, కింద నాలుగు వందల వరుసల కోడ్. గాలిని అటు నుంచి ఇటు తిప్పడానికి! అదీ నడవలేదు. మొదటి వరుసలోనే కామా మరిచిపోయి ఉంది. టీచరమ్మకు ఆయన ఎవరో తెలియదు. ఏడు తప్పులు వరసగా చూపించి, చివర ఇలా రాసింది. "మీకు ఉత్సాహం ఉంది, సంతోషం. కానీ ముందు జూలు ఫైలును రెండుసార్లు శ్రద్ధగా చదవండి. దాన్ని రాసినవారికి పని తెలుసు. అలా రాయడం నేర్చుకున్నాక మళ్ళీ పంపండి."

లిఫ్టాయన దాన్ని ఒక భవనం పైకప్పు మీద, లిఫ్టు మోటారు గదిలో నిలబడి ఫోన్లో చదివాడు. నవ్వు ఆగక మోటారు పక్కనే కూలబడ్డాడు. అసలు సంగతి టీచరమ్మకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెప్పలేదు. వారం రోజులు ఆ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ తెరిచి చదువుకున్నాడు.

డైరెక్టరుగారు బంధువులందరికీ ఫోన్లు చేసి, ఆ గుంపులో ఉన్నదంతా తలాతోకా తెలియని మందేనని చెప్పాడు. ఆ తర్వాతి ఆదివారం తలనొప్పన్నాడు. ఆ పైవారం పనుందన్నాడు. ఒక రోజు వదిన చెల్లెలికి ఫోన్ చేసింది.

"మీ ఆయన మీ బావను ఏమన్నాడే? ఆఫీసు నుంచి రావడం, గదిలో దూరి తలుపేసుకోవడం. పాత నోటు పుస్తకాలన్నీ మంచం మీదే. తిన్నారా అంటే కరుస్తున్నారు."

"ఈయన ఏమన్నా అంటే కదా అక్కా, తెలిసేది" అంది చెల్లెలు, పక్కనే ఉన్న మొగుడి వంక గుర్రుగా చూస్తూ.

రెండు నెలలకు అదే మారుపేరుతో ఇంకో సవరణ వచ్చింది. ఈసారి అనుభవం ఊసు లేదు. "వానలో గాలి దిశ సరిచేశాను" అని ఒక వాక్యం, దాని కింద పదకొండు వరుసలు. అంతే. టీచరమ్మ చూసి, "నాకు అభ్యంతరం లేదు. మీరు కలపండి" అని లిఫ్టాయనకు అప్పగించింది.

అతను రెండు రోజులు దానిలో తప్పు వెతికాడు. ప్రతి కొండ మీదకూ, ప్రతి వానలోకీ గుర్రాన్ని తోలాడు. గాలి ఎటు వీస్తే జూలు అటే పోయింది. పదకొండు వరుసలనూ వేలు పెట్టి చదివాడు. ఒక్క పోగు ఎక్కువ లేదు.

మూడో రోజు పొద్దున పనికి వెళ్ళబోతూ బల్ల ముందు కూర్చున్నాడు. "చాలా బాగుంది అన్నయ్యగారూ" అని కొట్టి, చెరిపేశాడు. "బాగుంది" అని కొట్టాడు. కాసేపు దాని వంక చూసి అదీ చెరిపేశాడు. చివరికి "కలిపాం" అని ఒక్క మాట రాసి పంపించి, పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు.