రిపేరమ్మ కుట్టిన కోటు

మార్కెట్ వీధి చివరి గదికి కొత్తగా బోర్డు తగిలించిన ఆవిడ అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. పెద్ద దర్జీ దుకాణంలో ఓ మూల కూర్చుని ఏళ్ల తరబడి పాత బట్టలు సరిచేసింది కాబట్టి ఆమె రిపేరమ్మ. నడుము వదులు చేయాలన్నా, జిప్పు మార్చాలన్నా ఆమె చెయ్యి పడాల్సిందే. అయితే సూది పట్టేముందు బట్టను తిరగేసి, "ఎవడమ్మా ఈ మహానుభావుడు కుట్టింది?" అని దులిపేయకపోతే ఆమెకు పని సాగదు. ఒకరి పనిని ఊరికే మెచ్చుకోవడం ఆమె ఒంట్లోనే లేదు.

అలాంటి మనిషి, కొత్త బట్ట కత్తిరించాలన్న కోరికను ఇక అణుచుకోలేక, సొంత కొట్టు తెరిచింది. మొదటి పని మందుల షాపు పొడుగమ్మాయి కోటు. ఆ పిల్లకు ఏ రెడీమేడ్ కోటు వేసినా చేతులు మణికట్టు దాకా రావు.

కుట్టడం అయింది. కోటు బల్ల మీదుంది. దాన్ని చూస్తుంటే రిపేరమ్మకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు. రేపెప్పుడైనా వదులు చేయాల్సివస్తే పనికొస్తుందని ప్రతి కుట్టు వెనకా బెత్తెడు బట్ట వదిలేసింది. అసలే మందపాటి బట్ట. పక్కలు రెండూ దిండ్లలా ఉబ్బి కూర్చున్నాయి. జీవితమంతా రిపేర్లు చేసినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది.

సాయంత్రం ఆ అమ్మాయి వస్తుంది. పాత యజమాని పొద్దున్నే ఫోన్ చేశాడు. "మీ కుర్చీ ఖాళీగానే ఉందమ్మా. వేరేవాళ్లు అడుగుతున్నారు. సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పండి."

"వెళ్లిపోతానత్తయ్యా," అంది రిపేరమ్మ, గుండీలు ఏరుతున్న అత్తగారితో. "హాయిగా ఉన్న పని వదులుకుని లేనిపోని గొప్పలకు పోయాను. నాకు రాదీ పని."

"దిగితే గదా లోతు తెలిసేది! ఇంకా మోకాళ్లు తడవలేదు, అప్పుడే మునిగిపోయానంటావేమిటి?"

అత్తగారు కోటు చంకన పెట్టుకుని బయటికి నడిచింది. గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, ముక్కూ మొహం తెలియనిదానిలా లోపలికొచ్చింది.

"ఏమమ్మా, ఈ కోటు ఎవరో కుట్టారు. కాస్త చూసిపెడతావా?"

"ఆటలాడకండత్తయ్యా. నాకు ఏడుపొస్తోంది."

"ఏడుద్దువుగాని. ముందు తిట్టు."

రిపేరమ్మకు నవ్వాగలేదు. కోటు తిరగేసింది. "ఎవడమ్మా ఈ మహానుభావుడు? లోపల ఇంకో కోటుకు సరిపడా బట్ట దాచాడు! పిసినారీ!" నోరు లేచాక చేతులూ లేచాయి. కాలర్ లాగి చూసింది. "ఫరవాలేదు." భుజం దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"చెయ్యి మాత్రం..."

"ఊఁ, చెయ్యి?"

భుజానికి చెయ్యి అతికిన చోట ఎటు తిప్పినా ముడత లేదు. పేరున్న దర్జీలే తడబడే చోటది. "చెయ్యి బాగా ఎక్కించాడత్తయ్యా," అంది. పరాయి వాళ్లదైతే ఒప్పుకునే పనిని, తనదైనంత మాత్రాన కాదనడం ఎలా?

పక్క కుట్లు విప్పేసింది. మిగులు బట్టకు కత్తెర ఆనించి ఆగింది.

"కోసేస్తే మళ్లీ వదులు చేయడానికి ఏమీ మిగలదండీ."

"మిగలకపోతే ఏం? కొలతలు నువ్వేగా తీసుకున్నావు?"

నిజమే. ఆ కొలతలు ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. కత్తెర నడిపి, పక్కలు మళ్లీ కుట్టింది.

సాయంత్రం పొడుగమ్మాయి కోటు తొడుక్కుంది. షాపులో పైఅరలోంచి మందు తీస్తున్నట్టు రెండు చేతులూ పైకెత్తింది. కోటు చేతులు మణికట్టు దగ్గరే ఉన్నాయి. దించి, మళ్లీ ఎత్తింది.

"ఆంటీ, ఇది నాదే!" అని అద్దం ముందు గిర్రున తిరిగింది. "ఎవరు కుట్టారని మా షాపులో పీక్కుతింటారు. ఏం చెప్పను?"

రిపేరమ్మ అలవాటుగా అత్తగారి వైపు చూసింది. ఆవిడ గుండీలు ఏరుకుంటోంది, తలెత్తనే లేదు.

"నేనే కుట్టానని చెప్పు," అంది రిపేరమ్మ. అని, ఫోన్ అందుకుంది, ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చేయమని చెప్పడానికి.