కూడలి దగ్గర బల్ల

ఆ ఉదయం మబ్బు మొక్కజొన్న చేల మీదికి వంగి ఉంది. పడమటి గాలి సముద్రం మీది తుంపరను తెచ్చి చల్లుతూ, ఆగుతూ పొద్దెక్కేదాకా అలాగే సాగింది. పది దాటాక ఒకచోట మబ్బు చిరిగి తడి రోడ్డు మెరిసింది. అది చూసి అమ్మ బల్ల బయట వేయమంది.

పదిహేనేళ్ళ తర్వాత పెద్ద పందెం మళ్ళీ మా కూడలి మీదుగా వస్తోంది. మూడు వారాలు ఫ్రాన్సంతా తిరిగే సైకిళ్ళ పందెం. కిందటిసారి వచ్చినప్పుడు అందులో మా తమ్ముడు గుల్వెన్ ఉన్నాడు.

వాడు తొమ్మిదేళ్ళు జీతానికి తొక్కాడు. గెలవడానికి పెట్టుకున్న మనిషి కాదు. జట్టు కారు దగ్గరికి వెనక్కి వెళ్ళి నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని నాయకుడికి చేరవేయాలి. నాయకుడి చక్రం పోతే తన చక్రం ఊడదీసి ఇవ్వాలి. ఎదురుగాలికి తను ముందుండాలి. పత్రికలో వాడి పేరు అడుగు వరుసల్లో చిన్న అక్షరాల్లో వచ్చేది. అమ్మ కత్తిరించి దాచేది.

పందెగాళ్ళ గుంపులో ఒక మర్యాద ఉంది. పందెం ఎవడి ఊరి మీదుగా పోతే వాణ్ణి కాస్త ముందుకు వదులుతారు. వాడు ఒంటరిగా వచ్చి, దిగి, ఇంట్లోవాళ్ళని ముద్దు పెట్టుకుని, ఏదో ఒకటి కొరికి, గుంపు రాగానే మళ్ళీ కలుస్తాడు. ఆ రెండు నిమిషాలను ఎవడూ తన లాభానికి వాడుకోడు.

ఆ రోజు అమ్మ ఇదే బల్ల మీద గళ్ళ గుడ్డ పరిచింది. వేడి నల్లగోధుమ అట్టులో సాసేజ్ చుట్టి రెండు చేతులా పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. గుల్వెన్ వచ్చాడు. తల వంచుకుని, మా వంక చూడకుండా, మా ముందునుంచే వెళ్ళిపోయాడు. చాచిన అమ్మ చేతులు కాసేపు అలాగే ఉన్నాయి.

"బ్రేకులు పోయాయేమో," అన్నాడు పక్కింటి జోబిక్. ఎవరూ నవ్వలేదు.

తర్వాత గుంపు వచ్చింది. మా బల్ల దగ్గర సైకిలు లేకపోవడం చూసి వాళ్ళ ముఖాలు మారాయి. అన్ని జట్లూ కలిసి తరిమాయి. గమ్యం ఇంకో నాలుగు కిలోమీటర్లు ఉందనగా వాణ్ణి పట్టుకున్నారు. ఆ ఏడాది మరెక్కడా వాణ్ణి ముందుకు పోనివ్వలేదు. చలికాలంలో ఏ జట్టూ పిలవలేదు. ఇంటికొచ్చి పాల ట్యాంకరు తోలే పనికి ఎక్కాడు.

ఎందుకలా చేశావని ఒక్కసారే అడిగాను, వాడు ట్యాంకరు కడుగుతుండగా.

"ఆ ఏడాదితో నా ఒప్పందం అయిపోతోందన్నా. ఒక్క రోజు పందెమైనా గెలవకపోతే ఇంటికే అన్నారు. తొమ్మిదేళ్ళలో నా ముందు ఖాళీ రోడ్డు కనపడింది ఆ ఒక్కసారే."

"అమ్మతో చెప్పావా?"

"ఏమని చెప్పను? నువ్వు అడ్డంగా నిలబడ్డావనా?"

వాడు చెప్పలేదు, అమ్మ అడగలేదు. కాకపోతే ఆ రోజునుంచి వాడికి తన చేత్తో ఏదీ వడ్డించలేదు. నాకు వేసేది. జోబిక్ వస్తే జోబిక్‌కి వేసేది. తర్వాత పెనం బల్ల మీద పెట్టి కూర్చునేది. గుల్వెన్ ప్రతి పూటా అమ్మ చేతి వంక ఒకసారి చూసి, అప్పుడు తనే తీసుకునేవాడు.

ఈసారి ఊరి పెద్ద వాడికి పసుపు చొక్కా, ఈల, జెండా ఇచ్చి, బళ్ళు అడ్డం రాకుండా చూడమని కూడలిలో నిలబెట్టాడు. పందెంలో అందరికన్నా ముందున్నవాడు తొడుక్కునేదీ ఆ రంగే.

"మొత్తానికి పసుపు చొక్కా సాధించావురా," అన్నాడు జోబిక్.

"బిగుతుగా ఉంది," అన్నాడు గుల్వెన్.

అమ్మ గళ్ళ గుడ్డ పరిచింది. పదిహేనేళ్ళుగా అది బీరువాలోనే ఉంది. ఎందుకు తీశావని నేను అడగలేదు.

మేం ఊపిరి తీసుకునేలోగా గుంపు దాటిపోయింది. వెనక జట్ల కార్లు. ఒకటి మలుపులో నెమ్మదించి అద్దం దించింది. అందులో ఉన్నది బెర్తోలె. ఒకప్పుడు గుల్వెన్‌తో తొక్కినవాడు, ఆ రోజు తరిమినవాళ్ళలో అందరికన్నా ముందున్నవాడు. ఇప్పుడు ఒక జట్టుకు పెద్ద.

"గుల్వెన్ గారూ. ఈసారి ఆగారన్నమాట. మీ అమ్మగారు సంతోషించి ఉంటారు."

కారులో ఇంకెవరో నవ్వారు. కార్లన్నీ పోయాక కూడా గుల్వెన్ ఎత్తిన జెండా దించలేదు. అమ్మ బల్ల దగ్గరనుంచి అంతా విన్నది.

"ఇలా వచ్చి కూర్చో," అంది.

వాడు పసుపు చొక్కాతోనే కూర్చున్నాడు. అమ్మ అట్టులో సాసేజ్ చుట్టి, రెండు చేతులా వాడి ముందుకు చాచింది. వాడు వెంటనే అందుకోలేదు. ఇన్నేళ్ళు ఆ చేతుల వంక చూసింది దీనికోసమే. బెర్తోలె ఆ మాట విసిరి ఉండకపోతే అవి ఇవాళ కూడా చాచి ఉండేవి కావని వాడికి తెలుసు. నాకూ తెలుసు. అమ్మ ముఖంలో జాలి తప్ప ఇంకేమీ లేదు.

"తీసుకో. చేతులు నొప్పెడుతున్నాయి."

తీసుకున్నాడు. ఆ రోజు సైకిలు మీద వంచుకున్నట్టే తల వంచుకుని తిన్నాడు. జోబిక్ ఆపిల్ కల్లు గిన్నెల్లో పోశాడు. మళ్ళీ తుంపర మొదలైంది. ఎవరమూ లేవలేదు. అట్లన్నీ అయిపోయేదాకా తిన్నాం.