కట్ట మీద నుంచి లైవ్

ఆదివారం ఆరాధన ముగిసి ఉదయగిరి బాప్టిస్టు చర్చి మెట్లు దిగుతుంటే చుట్టూ ఫోన్లు ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టాయి. లోపలున్నంతసేపూ సైలెంట్‌లో పెట్టినందుకు కక్ష తీర్చుకుంటున్నట్టుంది వాటి గోల. నాకు ఒకే వీడియో ఊళ్లో సగం మంది పంపారు. ఎర్రటి నీళ్లు మట్టికట్టను చీల్చుకుని దూకుతున్నాయి. ఎవరో ఆడమనిషి గొంతు చించుకుని అరుస్తోంది. కింద రాత: 'బండకిందపల్లె చెరువుకు గండి. దిగువ ఊళ్లకు ముప్పు. అందరికీ షేర్ చేయండి.'

బండకిందపల్లె సీతారామపురం దారిలో ఉంటుంది. ఆ చెరువు ఆరేళ్లకు గాని నిండలేదు. నిండిందని మొన్ననే వార్త రాసింది నేను. శీనమ్మ అనే రైతు కట్ట మీద నిలబడి, "ఈ నీళ్లుంటే మా వాళ్లు బెంగుళూరు నుంచి తిరిగొస్తారు పాపా, నాట్లేస్తాం" అంది. ఆ మాట నేను రాశాను. డెస్కు వాళ్లు చోటు లేదని కోసేశారు. అయినా అది నా చెవుల్లో అలాగే ఉండిపోయింది.

నా పేరు ఏంజెలిన్. ఒక దినపత్రికకు ఉదయగిరి మండల విలేకరిని. మండల విలేకరులమందరం కలిసి 'ఉదయగిరి ప్రెస్ మిత్రులు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఇందులో ఒక సదాచారం ఉంది. ఎవరో ఒకరు వార్త రాసి పెడతారు, మిగతావాళ్లు దాన్ని ఎత్తి ఎవరి పేపరుకు వాళ్లు పంపుకుంటారు. ఒకసారి ఏదో సన్మానం వార్త చివర 'ఫొటో వెనకాల పెడతా అన్నా' అని ఉంటే, అది కూడా రెండు పేపర్లలో శుభ్రంగా అచ్చయింది. జనం నవ్వుకున్నారు. మా గ్రూపులో మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

ఆ రోజు గ్రూపు తెరిస్తే గండి వార్త వేడివేడిగా సిద్ధంగా ఉంది. పెంచలప్రసాద్ రాశాడు. 'చెరువుకు భారీ గండి, వందల ఎకరాలు మునక, భయం గుప్పిట్లో పల్లెలు.' ఆదివారం పూట అతను ఇల్లు కదలడని ఊరందరికీ తెలుసు.

"ఆడికి ఎవురు పోయినారు?" అని అడిగాను.

జవాబుగా నాలుగు బొటనవేళ్లు వచ్చాయి. ఇంకెవరో నవ్వు ముఖం పెట్టారు. ఒళ్లు మండిపోయింది.

అంతలో ఆత్మకూరు నుంచి మల్లికార్జునం సార్ ఫోన్. మా డివిజన్ ఇన్‌చార్జి ఆయనే. బస్టాండు పక్కన ఎరువుల కొట్టు నడుపుకుంటూ నలభై ఏళ్లుగా వార్తలు రాస్తున్నారు. వార్తల కవరు నెల్లూరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన కాలం మనిషి.

"ఏందమ్మా, గండి వార్త ఏది? అందురూ పంపించేసినారంట. టీవీల్లో స్క్రోలింగ్ పోతా ఉండాది. డెస్కోళ్లు నా ప్రాణం తీస్తా ఉండారు."

"పోయి చూసి పంపిస్తా సార్."

"చూసేదేంది ఇంకా, వీడియో ఉండాది గదా!"

"ఆ వీడియో ఎవురు తీసినారో చెప్పండి సార్. ఆ మనిషితో మాట్లాడి ఇప్పుడే రాసేస్తా."

ఆయన గొంతు తగ్గించారు. "చూడమ్మా, ఈ వార్త మిస్సయితే నిన్ను నేను కాపాడలేను. ఉదయగిరికి ఇంకొకర్ని పెట్టమంటారు."

"పెట్టుకోమనండి సార్" అని ఫోన్ పెట్టేశాను. కోపం వస్తే నాకు ముందూ వెనకా కనపడదు. స్కూటీ మీద సగం దూరం పోయాక గాని, నేనన్న మాటేమిటో నాకు అర్థం కాలేదు. పోతే పోయిందిలే అనుకున్నాను గాని దిగులు మాత్రం పోలేదు. ఆ పని నాకు ప్రాణం.

సన్నగా తుంపర పడుతోంది. దిగువపల్లె దాటేసరికి ఎదురుగా ట్రాక్టర్లు. పిల్లలు, మేకలు, బియ్యం మూటలు, గ్యాస్ సిలిండర్లు, అన్నీ ఎక్కించుకుని జనం గుట్ట వైపు పోతున్నారు. బండి ఆపి ఒక పెద్దాయన్ని అడిగాను.

"కట్ట తెగిందని నీకెవురు చెప్పినారు నాయనా?"

"చెన్నైలో మా వాడు ఫోన్ చేసినాడమ్మా. వీడియోలో చూసినాడంట."

చెరువు ఆ ఊరికి కేకేస్తే వినపడేంత దూరంలో ఉంది. అది తెగిన కబురు మాత్రం చెన్నై తిరిగి వచ్చింది.

కట్ట ఎక్కి చూద్దును గదా, చెరువు నిండుగా, నిమ్మళంగా ఉంది. మిగులు నీళ్లు పోయే కలుజు మీదుగా పల్చగా జారుతున్నాయి. గండీ లేదు, గోలా లేదు. గోలంతా కట్ట మీదే ఉంది. ఒక జేసీబీ తొండం ఎత్తి నిలబడింది. దాని ముందు బురదలో శీనమ్మా, ఇంకొందరు ఆడవాళ్లూ బైఠాయించారు. ఎదురుగా దిగువపల్లె మగవాళ్లు గుంపుగా ఉన్నారు. వాళ్లకు పెద్ద పెంచలయ్య.

అవతలి కొన ఇప్పటికే తెగింది, ఉన్నట్టుండి కట్టంతా పోతే ఊరు మిగలదు, కాబట్టి ఇక్కడ వాగు వైపు తామే గండి కొట్టి నీళ్లు వదిలేస్తామని వాళ్ల వాదన. కట్ట రెండు మలుపులు తిరిగి పోతుంది. ఇటు నిలబడితే ఆ కొన కనపడదు.

"పోయి చూసి రాండయ్యా, కాళ్లు లేవా?" అని అరుస్తోంది శీనమ్మ.

"మేం పోయొచ్చేలోపల తెగితే మా పిల్లోళ్లని ఎవురు తెచ్చిస్తారు? నువ్వు తెస్తావా?" అన్నాడు పెంచలయ్య. అతని కళ్లలో నీళ్లున్నాయి. అది దౌర్జన్యం కాదు, భయం. అందుకే నాకు అతని మీద కోపం రాలేదు. కానీ జేసీబీ పళ్లు ఒక్కసారి దిగితే చాలు, ఆరేళ్ల ఎదురుచూపు తెల్లారేసరికి వాగులో కలిసిపోతుంది. అది ఎవరు తెచ్చిస్తారు?

మా ఆఫీసు వాళ్లు ఏడాది కిందట విలేకరులందరి చేతా ఫేస్‌బుక్ పేజీలు తెరిపించారు. లైకులు తెమ్మని పోరు. డెస్కు అనుమతి లేకుండా లైవ్ పెట్టరాదని రూలు కూడా పెట్టారు. నా పేజీలో ఇంతవరకు నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏమీ లేవు. ఫోన్ తీశాను. గుట్టల మధ్య ఊళ్లో మాటలు తప్ప నెట్ అందదు గాని కట్ట మీద నిక్షేపంగా ఉంది.

"పెంచలయ్యన్నా, నాతో ఆ కొనదాకా నడువు. లైవ్ పెడతా ఉండా. గండి ఉంటే నీతో పాటు లోకమంతా చూస్తాది, అప్పుడు నీ ఇష్టం. అందాకా జేసీబీ కదలకూడదు."

అతను ఊరివాళ్ల వైపు చూశాడు. చెప్పులు విడిచి నా వెంట వచ్చాడు.

"నేను ఏంజెలిన్, ఉదయగిరి విలేకరిని. బండకిందపల్లె చెరువు కట్ట మీద నడుస్తున్నాను. ఎక్కడ తెగిందో నాతో పాటు మీరూ చూడండి" అని మొదలుపెట్టాను. బురద, కంపచెట్లు, కాలు జారితే చెరువులోకే. కొద్దిమందితో మొదలైంది, చూస్తుండగానే వందలయ్యారు. 'అక్కా ముళ్లు', 'గండి యాడ?', 'ఇది ఫేక్ లైవ్' అని ఎవరికి తోచింది వాళ్లు రాస్తున్నారు. మధ్యలో మల్లికార్జునం సార్ ఫోన్. ఫోన్ ఎత్తితే లైవ్ ఆగిపోతుంది. కట్ చేశాను. మళ్లీ చేశారు. మళ్లీ కట్ చేశాను. ఉద్యోగం మీద ఆశ అక్కడితో వదులుకున్నాను.

మొదటి మలుపు దాటాం, గండి లేదు. అప్పుడు రజిత అనే ఆమె రాసింది: 'ఆ వీడియో మా ఊరిది అక్కా. మూడేళ్ల నాటిది. అందులో అరుస్తా ఉండేది మా అత్త.'

పైకి చదివి వినిపించాను. "రజితా, నీ దగ్గర ఆ పాత వీడియో ఉంటే కింద పెట్టమ్మా, తేదీ కనపడేట్టు" అన్నాను. పెట్టింది. పెంచలయ్య నా భుజం మీదుగా ఫోన్లోకి వంగి చూశాడు. అదే నీళ్లు, అదే అరుపు. కట్ట మాత్రం మనది కాదు.

రెండో మలుపు తిరిగాం. కట్ట కొనదాకా చెక్కుచెదరకుండా ఉంది. వెలుపలి వైపు ఒకచోట మాత్రం వానకు మట్టి జారింది. దాన్నీ దగ్గరగా చూపించాను. "ఈడ కొంచెం జారింది. దాచేదేం లేదు. మట్టి వేయాల. తెగలేదు, తెగే పరిస్థితి కూడా కనపడలేదు. ఇంజనీర్లు వచ్చి చూస్తే మంచిది" అని చెప్పాను.

పెంచలయ్య ఫోన్ మోగింది. చెన్నై నుంచి కొడుకు. స్పీకర్లో పెట్టాడు.

"నాయనా, నువ్వు లైవ్‌లో కనపడతా ఉండావు! కట్ట బాగుండాది నాయనా. ఆ జేసీబీని ఆపు. అమ్మోళ్లని ఇంటికి పొమ్మను."

పొద్దున ఏ ఫోన్లు ఊరిని గుట్టెక్కించాయో అవే ఫోన్లు ఇప్పుడు కట్టంతా మోగుతున్నాయి. బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి, కువైట్ నుంచి. ట్రాక్టర్లు వెనక్కి తిరిగాయి. మేము తిరిగి వచ్చేసరికి శీనమ్మ లేచి నిలబడి ఉంది. పెంచలయ్య ఆమె దగ్గరికి పోయి, "తప్పయింది వదినా" అన్నాడు. తర్వాత జేసీబీ నడిపే తిరుపాలుతో, "ఆ చివర మట్టి జారిండాది, పోయి ఎయ్యిపో" అన్నాడు. గండి కొట్టడానికి వచ్చిన జేసీబీ కట్టకు మట్టి పోయడానికి కదిలింది. నాకు ఏడుపొచ్చేసింది. సంతోషంతోనే, దాచుకోకుండా ఏడ్చాను.

అప్పుడు సార్ ఫోన్ ఎత్తాను.

"కొట్లో గిరాకీ అంతా యాపారం మానేసి నీ లైవే చూసినారమ్మా" అన్నారాయన. "డెస్కుకు చెప్పి గండి వార్త ఆపించేసినా. పేజీలో నీ వార్తకు చోటు పెట్టించినా, తొందరగా రాసి పంపు."

"అనుమతి లేకుండా లైవ్ పెట్టినాను సార్."

"అదే అడిగినారు. నేనే పెట్టమన్నానని చెప్పినాలే. అందుకే గదా అన్ని తూర్లు ఫోన్ చేసినాను, నువ్వు ఎత్తితే గదా!"

మర్నాడు పొద్దున ఉదయగిరి బస్టాండులో పేపర్ల కట్టలు విప్పితే మిగతావాటన్నింట్లో చెరువు తెగింది. మా దాంట్లో 'కట్ట పదిలం' అని జిల్లా మొదటి పేజీలో పతాక శీర్షిక, కింద నా పేరు. మండల విలేకరి పేరు అచ్చు కావడం మా డివిజన్లో అదే మొదలట. టీవీల వాళ్లు నా వీడియో మీద వాళ్ల ముద్రలు కొట్టుకుని రోజంతా తిప్పారు. తిప్పుకోనీ, నిజమే గదా తిప్పుతున్నారని ఊరుకున్నాను. ఇంజనీర్లు వచ్చి కట్ట చూసి సరేనన్నారు.

తూము ఎత్తే రోజున నేను వెళ్లేసరికి, ఎన్నడూ బస్టాండు దాటని మా ప్రెస్ మిత్రులంతా ప్యాంట్లు మడుచుకుని బురదలో నిలబడి ఉన్నారు. శీనమ్మ కొడుకు బెంగుళూరు నుంచి వచ్చేశాడు. తూము ఎత్తింది అతనే. నీళ్లు కాలవలోకి ఉరికాయి. శీనమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని కాలవ వెంట పరుగెత్తింది.

పెంచలప్రసాద్ నా పక్కకొచ్చి నసిగాడు. "ఏంజెలిన్, నువ్వు బాగా రాస్తావు. రాసి గ్రూపులో పెట్టు, మేమందరం అదే ఏసుకుంటాం."

"ఎదురుగా నిలబడి చూస్తా ఉండారు గదన్నా. ఎవురు చూసింది వాళ్లు రాసుకోండి" అన్నాను.

మర్నాడు ఒక్కో పేపర్లో ఒక్కో రకంగా వచ్చింది. ఒకరు కలుజు గురించి రాశారు, ఒకరు తూము గురించి, పెంచలప్రసాద్ అయితే శీనమ్మ పరుగు గురించి రాశాడు. నాకంటే బాగా రాశాడు.